అరువు దోసపిండి

ఫోను పెట్టేసి ఆదినారాయణరెడ్డి మొదట చేసిన పని ఫ్రిజ్ తలుపు తెరిచి చూడడం. రెండు నీళ్ళ సీసాలు. మట్టిచట్టిలో పెరుగు. గాజుసీసాలో అల్లం, తెల్లగడ్డ నూరిన ముద్ద. నాలుగు పచ్చిమిరపకాయలు. తన కంటి చుక్కల మందు. అంతే. తలుపు మూసి, మళ్ళీ తెరిచాడు. ఆ లోపల కొత్తగా ఏమీ పుట్టలేదు.

"ఎవురు నాయనా ఫోను?" అన్నాడు కొడుకు యశ్వంత్, తల తుడుచుకుంటూ.

"వేముల వాళ్ళు. ఈ పొద్దే వస్తాండారంట."

"ఆదివారం గదా రావాల్సింది?"

"ప్రొద్దుటూర్లో వాళ్ళ చుట్టాలు కొత్తిల్లు చేరతాండారంట. పోయే దావలో మన ఇల్లు గూడా చూసి పోతారంట. పదిన్నరకు దిగుతారు."

యశ్వంత్ తువ్వాలు తల మీదే పెట్టుకొని గడియారం చూశాడు. ఎనిమిదింబావు. తర్వాత ఫ్రిజ్ చూశాడు. ఇద్దరి మనసులో ఒకటే సంగతి. 

పిల్లనిచ్చేవాళ్ళు ముందు ఇల్లు చూస్తారు. మగవాళ్ళు వసారాలో కూర్చొని చేని సంగతి, బోరు సంగతి మాట్లాడతారు. ఆడవాళ్ళు మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి పోతారు. వెనకటికి గాదెలు, కుండలు చూసేవాళ్ళు. ఇప్పుడు ఫ్రిజ్ తెరుస్తారు. ఇల్లాలు లేని ఈ ఇంట్లో ఆ తలుపు రెండుసార్లు తెరిచారు. మొదట పులివెందుల వాళ్ళు. వాళ్ళ పెద్దామెకు లోపల కనబడింది నీళ్ళ సీసాలు, బెండవిత్తనాల పొట్లం, కంటిమందు. ఆమె వీధిలోకి వచ్చి, అందరూ వినేటట్లు, "ఆడదిక్కు లేని కొంప. మన పిల్ల కాలు పెట్టిన్నాటి నుంచీ పొయ్యి కాడే సావల్ల" అని కారెక్కింది. తర్వాత ప్రొద్దుటూరు వాళ్ళు. ఆ మాట అప్పటికే వాళ్ళకు చేరింది. మంచినీళ్ళ వంక కూడా లేకుండా నేరుగా పోయి తెరిచారు. "మాట్లాడుకోని కబురు చేస్తాం" అన్నారు. ఆ కబురు ఇంకా రావాల. ఆ రెండు ఇళ్ళ వాళ్ళనూ ఆదినారాయణరెడ్డి ఈ జన్మకు క్షమించేది లేదు.

ఈ మూడోది వేరు. యశ్వంత్‌కు ముప్పై ఒకటి. జమ్మలమడుగు బస్టాండు వెనక బోరుమోటార్ల రివైండింగ్ షాపు వాడిది. ఏడాది కిందట వేముల పక్క ఒక పల్లెలో మోటారు బాగు చేయబోయి, అదే దొడ్లో బర్రెకు సూది వేస్తున్న చందనను చూశాడు. పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం ఆ పిల్లకు. ఆ దొడ్డిలో మోటారు ఆ తర్వాత ఆరు నెలల్లో నాలుగుసార్లు చెడిపోయింది. అంత చేతకాని మెకానిక్ కాదు వాడు.

"ఈ పిల్లయితేనే నాయనా. ఇది కుదరకపోతే ఇంకెవుర్నీ చూపించొద్దు" అని పోయిన నెలలో చెప్పాడు. గట్టిగా అరిచి చెప్పి ఉంటే ఆదినారాయణరెడ్డి లెక్కపెట్టేవాడు కాదు. వాడు అన్నం కలుపుకుంటూ, మెల్లగా చెప్పాడు. అప్పటి నుంచీ ముసలాయనకు కడుపులో రాయి పడింది.

ఆయన ప్రొద్దుటూరులో ఉండే చెల్లెలు యశోదమ్మకు ఫోను చేశాడు.

"మోకాళ్ళు పట్టేసినాయి, నేను వచ్చేది కాదుగానీ చెప్పింది రాసుకో" అంది ఆమె. "పాలు రెండు లీటర్లు, మీగడ కట్టి ఉండాల. పులిసిన దోసపిండి. వెన్న. చింతపండు గుజ్జు. నిమ్మకాయలు. కొత్తిమీర, కరేపాకు కడిగి బట్టలో చుట్టి పెట్టాల. మిరపకాయలు తొడిమలు తీసి. తలుపుకు గుడ్లు. ఇవి సంసారం చేసే ఇంట్లో యా పొద్దయినా ఉండేవి."

"ఇద్దరికి రెండు లీటర్లు పాలేంది? నీళ్ళు పోసుకునేదానికా?"

"నీ నోటితోనే వాని పెండ్లి చెడతాది. మూసుకోని చెప్పింది చెయ్. ఆ బెండవిత్తనాలు తీసి బయట పార్నూకు."

"అవి ఎప్పుడో ఎత్తేసినా."

"కంటిమందు?"

ఆయన ఫోను పెట్టేశాడు.

ఆ ఫ్రిజ్ ఆయన భార్య మునెమ్మ కొనిపించింది. కొండాపురం పక్కనున్న వాళ్ళ ఊరు గండికోట నీళ్ళలోకి పోయి, సామానంతా ట్రాక్టరులో వేసుకొని జమ్మలమడుగుకు వచ్చిన ఏడాది. మూడేండ్లు వాడుకొని ఆమె పోయింది. ఒక తెల్లవారుజామున, నిద్రలోనే, చెప్పాపెట్టకుండా. పోయి ఐదేండ్లయినా ఆదినారాయణరెడ్డి ఆమెను కూడా క్షమించలేదు.

ఆమె పోయాక రెండు నెలలు మెస్సు కూడు తిన్నారు. కొడుక్కు కడుపునొప్పి పట్టుకుంది. దాంతో ముసలాయనే పొయ్యి ముట్టించాడు. మొదట్లో సంగటి రాయి, పులుసు నీళ్ళు. రెండో ఏటికి చెయ్యి కుదిరింది. పూటకు ఎంత కావాలో అంతే తెచ్చి, అంతే వండుతాడు. నిన్నటి కూర తినడం ఆయనకు గిట్టదు. అందుకే ఆ ఫ్రిజ్ ఎప్పుడూ ఖాళీ.

ఈ సంగతి మూడో మనిషికి తెలియదు. ఎవరైనా "సాపాటు ఎట్లప్పా?" అంటే "మెస్సు" అంటాడు. మునిగిపోయిన ఊర్లో పెండ్లాం మంచాన పడితే వండుకొని తినే మనిషి ఒకడుండేవాడు. రచ్చకట్ట కాడ వాడిని చూసి ఊరంతా నవ్వేది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆదినారాయణరెడ్డి. ఆ నవ్వు తన మీదికి రాకుండా ఐదేండ్లుగా అబద్ధం చెప్పుకొస్తున్నాడు.

యశ్వంత్ బండి తీశాడు. ఇరవై నిమిషాల్లో మార్కెట్ నుంచి కొత్తిమీర, నిమ్మకాయలు, గుడ్లు, పాలు వచ్చాయి. కానీ పులిసిన దోసపిండి, చిలికిన వెన్న రెండు గంటల్లో తయారయ్యేవి కావు.

"ప్యాకెట్ పిండి తెద్దునా?"

"ప్యాకెట్ పెడితే ప్యాకెట్ సంసారమంటారు."

యశ్వంత్ ఇంకేమీ అడక్కుండా వీధిలోకి పోయాడు. ఎదురింటి హేమలత టీచరు గిన్నెడు దోసపిండి ఇచ్చింది. మూలమీది అంగడి సరోజమ్మ చింతపండు గుజ్జు ఇచ్చింది. మూడోసారి వాడు చేతిలో వెన్నగిన్నెతో వచ్చాడు. ఆ వీధిలో బర్రె ఉండేది ఒక్క ఇంట్లోనే.

"యాడిది అది?" అన్నాడు ఆదినారాయణరెడ్డి.

"నూర్ అహ్మద్ మామ ఇంట్లో."

మురికికాలువ తగాదాలో నూర్ అహ్మద్‌తో ఆయనకు రెండేండ్లుగా మాటల్లేవు.

"వాని వెన్న నా ఇంట్లోకా?"

"పెండ్లి నాది నాయనా, నీది గాదు."

ఆయన వెన్నగిన్నె అందుకొని ఫ్రిజ్‌లో పెట్టాడు. మీగడ కట్టాలని పాలు కాచి, నీళ్ళలో పెట్టి, విసనకర్రతో విసరడం మొదలుపెట్టాడు.

పది నలభైకి కారు దిగింది. చందన నాయన చెన్నకేశవరెడ్డి, బరువైన మనిషి, చీనీ బత్తాయి తోట రైతు. ఆయన తల్లి లక్ష్మీకాంతమ్మ, ఎండిన చింతబరికె లాంటి మనిషి. పిల్లకు అమ్మ లేదు. పెంచింది ఈ అవ్వే. ఎవరి మాట చెల్లుతుందో ఆమె గడప దాటిన తీరులోనే తెలిసిపోయింది.

చెన్నకేశవరెడ్డి వసారాలో కూర్చొని కాయ ధర పడిపోయిందని మొదలుపెట్టాడు. అవ్వ కూర్చోలేదు.

"దప్పికైతాంది. మంచినీళ్ళు యాడుండాయప్పా?"

"నేను తెస్తా అవ్వా" అన్నాడు యశ్వంత్.

"నాకు కాళ్ళుండాయిలే నాయనా."

ఆమె వెనకాలే తండ్రీకొడుకులు వంటింట్లోకి పోయారు. ఆమె ఫ్రిజ్ తెరిచింది. ఆదినారాయణరెడ్డి ఆమె మొహమే చూశాడు. పై అరలో పాలు, వెన్న. నడిమి అరలో దోసపిండి, గుజ్జు. కింద బట్టలో చుట్టిన ఆకులు, తొడిమ తీసిన మిరపకాయలు. తలుపుకు పన్నెండు గుడ్లు. యశోదమ్మ చెప్పిన దాంట్లో ఒక్కటి తక్కువ లేదు.

ముసలామె మొహం వాడిపోయింది.

"దోసపిండి కూడా రుబ్బుతారే" అంది. "ఇంత వెన్న ఎవురు తీస్తారు?"

"పనామె అవ్వా" అన్నాడు యశ్వంత్.

"దినామూ ఇన్నీ ఉంటాయా?"

"యా పొద్దు చూసినా ఉంటాయి" అన్నాడు ఆదినారాయణరెడ్డి. తన జీవితంలో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమె చీర కొంగుతో మూతి తుడుచుకుంది. "మంచిదప్పా. బాగుండాది. మేము మాట్లాడుకోని కబురు చేస్తాంలే."

ఆదినారాయణరెడ్డి అరల్లో సర్దిన గిన్నెల వైపు చూశాడు. ఖాళీగా ఉంటే ఖాళీ అన్నారు. నింపి పెడితే ఇదే మాట. ఇక ఏం పెట్టాలి ఈ ముండలకు? పక్కన కొడుకు గోడకు ఆనుకున్నాడు. వాడి చెయ్యి స్విచ్‌బోర్డు మీద పడి, ఊరికే లైటు వెలిగింది, ఆరింది.

అవ్వ ఫ్రిజ్ మూయబోయింది. దోసపిండి గిన్నె అంచు తలుపుకు తగిలింది. దాన్ని లోపలికి జరపబోయి, ఆగి, వంగి చూసింది. గిన్నెను వెలుతురుకు తిప్పింది.

"పి. హేమలత" అని కూడబలుక్కొని చదివింది. "హేమలతెవురప్పా?"



ఆమె వెన్నగిన్నె తీసింది. పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంది. "నూర్ అహ్మద్." గుజ్జు గిన్నె తిప్పింది. "సరోజమ్మ, గృహప్రవేశం."

స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. పోయిన గిన్నె తిరిగి రావడానికే ఆ పేరు. మగవాళ్ళిద్దరికీ అది తట్టలేదు.

"ఈ ఇంట్లో ఉండేది ఎంతమంది?" అంది అవ్వ.

"ఇద్దరం."

"ఫ్రిజ్‌లో ముగ్గురుండారే. అందులో మీరిద్దరూ లేరు."

వసారాలోంచి చెన్నకేశవరెడ్డి లేచి వచ్చాడు. గిన్నెలు చూసి ఆయన మెడ ఎర్రబడింది. "ఏందప్పా ఇది? మా కోసం నాటకం ఆడతాండారా? గిన్నెల కాడే ఇంత మోసమైతే రేపు పిల్ల కాడ ఎంత మోసం? పామ్మా, పోదాం."

"నువ్వుండు" అంది అవ్వ. ఆదినారాయణరెడ్డి వైపు తిరిగింది. "ఇందులో నీదేది?"

ఆయనకు ఇక దాచాలనే ఓపిక కూడా లేకపోయింది. పోయేది ఎట్లాగూ పోయింది.

"కంటిమందు నాది. ఆ సీసాలో అల్లం తెల్లగడ్డ నాది. కింద మట్టిచట్టిలో పెరుగు నాది. మిగతావన్నీ అరువు, లేకుంటే ఈ పొద్దు కొనుక్కొచ్చినవి. చూసుకున్నారు గదా, ఇంక నడవండి."

ఆమె నడవలేదు. వంగి చట్టి తీసింది. చెంచాతో పెరుగు అడ్డంగా కోసింది. పెరుగు గడ్డగా నిలబడింది, నీళ్ళు ఊరలేదు. నోట్లో వేసుకుంది.

"తోడెవురు వేసినారు?"

"నేను."

"ఆ ముద్ద ఎవురు నూరినారు?"

"నేనే. రోట్లో."

"మెస్సు నుంచి తెప్పించుకుంటారని విన్నామే?"

"అబద్ధం. ఐదేండ్ల నుంచీ వండేది నేనే. సెలవు దినాల్లో వీడు. మగోడు వండుతాడని చెప్పుకునేదానికి సిగ్గయి మెస్సని చెప్తాండా." చెప్పేసి ఆయన కొడుకు వైపు చూడలేకపోయాడు. "నవ్వుకోండి."

ఆమె నవ్వలేదు. పోలీసు అడిగినట్లు అడిగింది. "సంగటి ఎట్లా చేస్తావు?"

"నూకలు మెత్తగా ఉడకాల. పిండి పైన గుట్టగా పోసి మూత పెట్టాల. ఎంటనే కెలికితే ఉండలు కడతాది. బాగా మగ్గినాక దించి, తెడ్డుతో కెలకాల."

"ఊరిబిండి పచ్చడికి చెనక్కాయలు ఎట్లా వేయిస్తావు?"

"సన్నసెగ మీద. పొట్టు తీయను, నాకు ఒప్పదు."

"ఈ పిల్లోడు?"

"వాడు కూరలు బాగా చేస్తాడు. ఉప్పు కొంచెం ఎక్కువేస్తాడు. చెప్తే వినడు."

"నాయనా!" అన్నాడు యశ్వంత్.

లక్ష్మీకాంతమ్మ పెరుగుచట్టి గట్టు మీద పెట్టి, అక్కడే ఉన్న ముక్కాలిపీట లాక్కొని కూలబడింది. రెండు చేతులతో మొహం రుద్దుకుంది. ఆదినారాయణరెడ్డి ఆమెకు కళ్ళు తిరిగాయేమో అనుకొని నీళ్ళసీసా అందుకున్నాడు. చూస్తే ఆమె నవ్వుతోంది. నిలబెట్టుకోలేని నవ్వు. పళ్ళు లేని చిగుళ్ళు రెండూ కనబడుతున్నాయి.

"నేను వద్దని చెప్పిపోదామనే వచ్చినాను నాయనా" అంది. "మా పిల్ల పొద్దున ఆరుకు బండెక్కి పోతాది. పల్లె పల్లె తిరిగి బర్రెలకు, గొర్రెలకు సూదులేసి మాపటికి వస్తాది. దానికి టీ పెట్టేది గూడా రాదు. నేనే నేర్పలేదు. చదువుకోనీ, ఉద్యోగం చేయనీ అని పొయ్యి కాడికి రానిస్తే గదా! రెండు సంబంధాలు అట్లే పోయినాయి. దాని నోరు ఊరుకోదు, వంట రాదని ముందే చెప్తాది. ఇంక ఈ ఇంట్లో అత్త లేదు, ఇద్దరు మొగోళ్ళు మెస్సు కూడు తింటాండారు, పిల్ల వస్తే వండిపెడతాదని కాసుకోనుంటారు అనుకుంటి. నీ ఫ్రిజ్ తెరిస్తే ఇంకా బయమైపాయ. ఈ వెన్న, ఈ పిండి, ఈ గుజ్జు! ఇన్ని జరిగే ఇంట్లో నా మనవరాలు ఏం బతుకుతాది? రెండో దినమే ఇంటికి పంపిస్తారు."

"ఈ సంగతి నాకు చెప్పనే లేదేమ్మా?" అన్నాడు చెన్నకేశవరెడ్డి.

"నీకు చెప్తే కాయ ధర చెప్తావు."

యశ్వంత్ గోడ మీంచి కదిలాడు. "అవ్వా, చందనకు వంట రాదని నాకు తెలుసు. మొదటి దినమే చెప్పింది."

ఆదినారాయణరెడ్డి కొడుకు వైపు గిరుక్కున తిరిగాడు. "నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు వండుతావని ఆయమ్మితో చెప్పలేకపోతి. నువ్వు ఎవురికీ చెప్పొద్దంటివి గదా. ఆయమ్మి సంగతి నీకు చెప్తే, మన సంగతి ఆయమ్మికి చెప్పాల్సి వచ్చేది."

చెప్పి ఉంటే ఈ దినమంతా లేదు. పాలు విసిరిన పని లేదు. ఆ నూర్ అహ్మద్ వెన్న ఇంట్లోకి వచ్చే పని అసలే లేదు. తన సిగ్గు కొడుకు నోటికి తాళం వేసిందని ఆదినారాయణరెడ్డికి అర్థమైంది. కోపం తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు. పోయిన నెల నుంచీ కడుపులో పడి ఉన్న రాయి ఎక్కడా తగల్లేదు. ఆకలి మాత్రం వేసింది.

"పదకొండైంది" అన్నాడు. "తిని పోండి."

"గృహప్రవేశం భోజనముంది గదప్పా" అన్నాడు చెన్నకేశవరెడ్డి, గొంతు కొంచెం తగ్గించి.

"పన్నీరు, నూడుల్సు పెడతారు ఆడ" అంది అవ్వ. "నేను ఈడ్నే తింటా. ఆయప్ప చేసేది కండ్లారా చూస్తే గానీ పిల్లనియ్యను."

ఆయన పంచె పైకి కట్టి నూకలు పొయ్యి మీద పెట్టాడు. అవ్వ పీట మీంచి లేవకుండా ప్రతిదీ చూసింది. యశ్వంత్ వంకాయలు కోశాడు. చెన్నకేశవరెడ్డి కాసేపు గుమ్మంలో నిలబడి, చేతులేం చేసుకోవాలో తెలియక, ఎర్రగడ్డలు ముందుకు లాక్కున్నాడు. అడ్డదిడ్డంగా కోశాడు.

"తోటలో కొమ్మలు కొట్టినట్టు కొడతాండావు" అంది తల్లి. "చూసి నేర్చుకో."

ఆదినారాయణరెడ్డి సంగటి కెలికాడు. తెడ్డు తిరిగే కొద్దీ ముద్ద నున్నబడింది. ఐదేండ్లలో మొదటిసారి ఇంకొక మనిషి చూస్తుండగా వండుతున్నాడు.  

లక్ష్మీకాంతమ్మ ఒక ముద్ద తిన్నది. ఇంకో అర ముద్ద అడిగి వేయించుకుంది. వంకాయకూర నాలుకకు తగిలించి యశ్వంత్ వైపు చూసింది. "నిజమే. ఉప్పు ఎక్కువేస్తాడు." కానీ ఆకు ఖాళీ చేసింది.  మూడో ముద్ద దగ్గర చెన్నకేశవరెడ్డి మెడ మామూలు రంగుకు వచ్చింది.

చెయ్యి కడుక్కొని అవ్వ ఫోను తీయించింది. చెన్నకేశవరెడ్డి చందన నంబరు నొక్కి, అందరికీ వినబడేటట్లు పెట్టాడు.

"ఏమ్మే, యాడుండావు?"

"గొర్రెల మంద కాడ అవ్వా" అంది చందన. వెనక గొర్రెపిల్లలు అరుస్తున్నాయి. "ఏమైంది? నాకు వంట రాదని చెప్పినావా లేదా? నువ్వు దాస్తే నేను ఒప్పుకోను. నేనే మాట్లాడతా, ఆయనకియ్యి."

అవ్వ ఫోను ఆదినారాయణరెడ్డి మొహం ముందు పెట్టింది. ఆయన తడి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఏం మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు.

"చెప్పింది" అన్నాడు. "రాకపోతే పాయ. పొద్దున ఆరుకు పోతావంట గదా. క్యారియర్‌లోకి ఏం కావాలో ముందు దినమే చెప్పు. పొద్దున్నే అడిగితే నాకు కోపమొస్తాది."

అవతల ఆమె పక్కకు నడిచింది కాబోలు, గొర్రెపిల్లల అరుపులు దూరమయ్యాయి.

"ఏదైనా సరే మామా" అంది చందన.  "వేడిగా ఉంటే చాలు."

ఆయన ఫోను వైపు అట్లాగే చూశాడు. యశ్వంత్ వసారాలోకి పోయి, అటు తిరిగి నిలబడ్డాడు.

"సరే సరే, పెట్టెయ్" అన్నాడు ఆదినారాయణరెడ్డి. "పొయ్యి మీద కూర మాడిపోతాంది."

పొయ్యి ఆర్పి అరగంటయింది.